ఉభయకుశలోపరి... ఆ తరువాత?

మా నాన్న సూరత్‌లో మరమగ్గాల కార్ఖానాలో పనిచేస్తారు. పగటి షిఫ్టు ఉన్నప్పుడు రాత్రి తొమ్మిదికి, రాత్రి షిఫ్టు ఉన్నప్పుడు ఉదయం ఎనిమిదికి ఇంటికి ఫోను చేస్తారు. ఒక్క రోజు కూడా తప్పదు. ఆ ఫోను ఇలా ఉంటుంది.

"బాగున్నారా?"

"బాగున్నాం. మీరు?"

"బాగున్నా. తిన్నారా?"

"తిన్నాం. మీరు?"

"తిన్నా. సరే, జాగ్రత్త."

అంతే. ఒకసారి ఫోనులో చూశాను, 1 నిమిషం 40 సెకన్లు అయింది. ఫోను పెట్టేశాక అమ్మ ముఖంలో తృప్తి కనిపిస్తుంది. రోజూ మాట్లాడుకుంటున్నాం కాబట్టి ఎంత దూరంలో ఉన్నా దగ్గరగానే ఉన్నామని ఆమె నమ్మకం. నాకు ఆ నమ్మకం పోయింది. ఎందుకు పోయిందో చెప్పడానికే ఈ వ్యాసం రాస్తున్నాను. దీన్ని చదివే పెద్దలకు కోపం వస్తే ముందే క్షమాపణ అడుగుతున్నాను. కానీ మాట మాత్రం వెనక్కి తీసుకోను.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. దూరాన ఉన్న మనవాళ్ళకి "ఇక్కడ అంతా బాగుంది" అని అబద్ధం చెప్పడం మానేద్దాం. అది వాళ్ళ మీద ప్రేమతోనే చెప్తాం, నిజమే. కానీ ఆ అబద్ధం వాళ్ళని రోజుకి కొంచెం చొప్పున ఇంట్లోంచి బయటికి పంపేస్తోంది.

మన బరంపురానికి పట్టు నగరం అని పేరు. మా తాతయ్య ఇంట్లోనే గుంట మగ్గం మీద పట్టు నేసేవారు. ఇప్పుడు ఆ గుంట పూడ్చేసి దాని మీద బియ్యం డబ్బా పెట్టాం. నాన్న రైలెక్కి ఒక రోజుకు మించి ప్రయాణం చేసి, ఎవరిదో కార్ఖానాలో వేరే బట్ట నేస్తున్నారు. ఇది మా ఒక్క ఇంటి కథ కాదు. గంజాం జిల్లా నుంచి ఎంతమంది సూరత్ వెళ్ళారో 2020 మే నెలలో అందరం చూశాం. లాక్‌డౌనులో అక్కడ చిక్కుకున్నవాళ్ళని శ్రామిక రైళ్ళు తెచ్చి మన జగన్నాథపూర్ స్టేషన్లో దింపాయి. వాళ్ళలో మా నాన్న కూడా ఉన్నారు. అప్పుడు నాకు పదేళ్ళు. అంతకుముందు ఏప్రిల్ నెలంతా ఫోనులో "తిండికేం లోటు లేదు, బాగున్నాం" అన్నారు. ఇంటికి వచ్చాక చొక్కా విప్పితే అమ్మ ఆయన పక్కటెముకలు చూసి ఏడ్చింది. రోజుకి ఒక్క పూటే తిన్నారట, అది కూడా అన్ని రోజులూ కాదు.

అయినా మాకు బుద్ధి రాలేదు.

పోయిన ఏడు ఆషాఢంలో వాన పడుతుంటే మా నాయనమ్మ పెరట్లో జారి పడింది. తుంటి ఎముక విరిగింది. ఆసుపత్రి, ఆపరేషను, అన్నీ అయ్యాయి. అమ్మ చెవి దుద్దులు తాకట్టు పెట్టింది. నాన్నకి మాత్రం ఎవరూ చెప్పలేదు. "చెప్పకే, ఆయన అక్కడ తిండి మానేస్తారు" అంది అమ్మ. నాయనమ్మ కూడా మంచం మీంచే "వాడికి చెప్పారంటే నా మీద ఒట్టే" అంది. పెద్దనాన్న వచ్చి "తెలిసినా అక్కణ్ణించి వాడు చేసేదేముంది?" అన్నారు. అందరూ కలిసి నిర్ణయించారు. ఆ అందరిలో నేనూ ఉన్నాను.

ఫోను వచ్చినప్పుడు నాన్న "అమ్మ ఏదీ?" అని అడిగేవారు. "పడుకుంది నాన్నా" అనేదాన్ని. నిజానికి అది అబద్ధం కూడా కాదు, పడుకునే ఉంది కదా! మొదటి రెండు రోజులు గొంతు వణికింది. వారం అయ్యేసరికి అలవాటైపోయింది. నెల తిరిగేసరికి నాన్న అడగడం మానేశారు. అడగడం మానేసినందుకు మేం ఊపిరి పీల్చుకున్నాం. ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తుంది.

దసరాకి నాన్న వచ్చారు. వీధి గుమ్మంలో సంచి దించి, ఎదురుగా వాకరు పట్టుకుని నిలబడ్డ నాయనమ్మని చూశారు. అరుస్తారనుకున్నాం. అరవలేదు. చెప్పులు విప్పకుండా మెట్టు మీద కూర్చుని అమ్మని ఒకే మాట అడిగారు.

"నేనేమన్నా ఈ ఇంటికి చుట్టాన్నా?"

మాలో ఎవరి దగ్గరా జవాబు లేదు. చుట్టం వస్తే మనం ఏం చేస్తాం? ఇల్లు సర్దుతాం, చిరిగిన దుప్పటి దాచేస్తాం, అప్పుల సంగతి ఎత్తం, "అంతా మీ దయ, బాగున్నాం" అంటాం. ఇంటి మనిషి దగ్గర ఇవేవీ ఉండవు. మూడు నెలల పాటు మేం నాన్నని చుట్టంలాగే చూశాం. ఇంటికి డబ్బు పంపే చుట్టం.

ఆ సెలవుల్లోనే ఇంకో సంగతి బయటపడింది. నాన్న టీవీ శబ్దం బాగా పెంచుతున్నారు. వెనక నుంచి పిలిస్తే పలకడం లేదు. నేను "ఉప్పు ఇవ్వనా?" అంటే "ఎప్పుడు?" అన్నారు. అమ్మ గట్టిగా నిలదీస్తే అప్పుడు ఒప్పుకున్నారు. రెండేళ్ళుగా వినికిడి తగ్గుతోందట. "ఎందుకు చెప్పలేదు?" అంటే "మీరు కంగారు పడతారని" అన్నారు. మేం ఏ మాట చెప్పామో అచ్చం అదే మాట!

మా సైన్సు మాస్టారిని అడిగితే వివరంగా చెప్పారు. 85 డెసిబెల్స్ దాటిన శబ్దంలో రోజూ 8 గంటలు ఏళ్ళ తరబడి ఉంటే లోపలి చెవిలోని సన్నని కణాలు దెబ్బతింటాయి, మళ్ళీ పుట్టవు. మరమగ్గాల షెడ్డులో హోరు అంతకంటే ఎక్కువే ఉంటుంది. నాన్న షిఫ్టు 12 గంటలు. ముందుగా పోయేది సన్నని శబ్దాలు వినే శక్తి. అందుకని మనిషి గొంతు వినిపిస్తుంది గాని మాట తెలియదు. స, శ, త, క లాంటి అక్షరాలు జారిపోతాయి. ఆడవాళ్ళ గొంతు, పిల్లల గొంతు ఇంకా కష్టం. ఫోనులో అయితే మరీను.

అది విన్నాక నాకు ఒక పాత సంగతి గుర్తొచ్చింది. ఆషాఢానికి ముందే బడిలో వ్యాసరచనలో నాకు మొదటి బహుమతి వచ్చింది. ఆ రాత్రి నాన్నకి గబగబా అంతా చెప్పాను, ఏ విషయం మీద రాశానో, మాస్టారు ఏమన్నారో అన్నీ. నాన్న "ఆఁ, సరే, జాగ్రత్త" అన్నారు. నాకు ఏడుపొచ్చింది. నా చదువంటే ఆయనకి లెక్కలేదనుకున్నాను. ఆ తర్వాత చాలా రోజులు ఫోను అమ్మకే ఇచ్చేసి లోపలికి వెళ్ళిపోయేదాన్ని. ఆయనకి ఒక్క ముక్క కూడా వినపడలేదని నాకు తెలియదు. నాకు కోపం వచ్చిందని ఆయనకీ తెలియదు. రోజూ ఫోను మోగుతూనే ఉంది, ఇద్దరం బాగున్నామని చెప్పుకుంటూనే ఉన్నాం.

ఇప్పుడు పెద్దలు అడిగే ప్రశ్నలకి వస్తాను. దసరా తర్వాత మా ఇంట్లో ఈ వాదన చాలాసార్లు జరిగింది కాబట్టి నాకు అన్నీ కంఠతా వచ్చు.

మొదటిది, "చెప్తే అక్కడ ఉండి ఏం చేయగలరు?" ఎముక అతికించలేరు, నిజమే. కానీ కష్టం చెప్పుకునేది సాయం కోసం మాత్రమేనా? పక్కింటి అత్తయ్యకి మా అమ్మ అన్నీ చెప్పింది. ఆమె ఎముక అతికిస్తుందనా? కష్టం చెప్పుకోవడానికి మనిషి కావాలి కనుక చెప్పింది. పక్కింటివాళ్ళకి తెలిసిన సంగతి కన్నకొడుక్కి తెలియకపోవడం ఏ న్యాయం? పైగా ఏమీ చేయలేరన్నది కూడా తప్పు. నాన్న రోజూ నాయనమ్మతో రెండు మాటలు మాట్లాడగలిగేవారు. "ఈ పూట నడిచావా అమ్మా?" అని అడగగలిగేవారు. ఆ నెలల్లో నాయనమ్మ మంచం మీద పడుకుని గుమ్మం వైపు చూసేది. ఒట్టు పెట్టింది కూడా తనే, ఎదురుచూసింది కూడా తనే.

రెండోది, "వాళ్ళు అక్కడ బెంగపడి పనిలో ప్రమాదం తెచ్చుకుంటే?" ఇది గట్టి ప్రశ్న. దీన్ని నేను తేలిగ్గా తీసెయ్యను. తిరిగే మగ్గం దగ్గర మనసు ఎటో ఉంటే వేలు పోవచ్చు. మెస్సు గదిలో పగటి షిఫ్టు వాళ్ళు లేచిన చాప మీద రాత్రి షిఫ్టు వాళ్ళు పడుకుంటారు, అసలే నిద్ర తక్కువ. అందుకని షిఫ్టుకి వెళ్ళబోయే ముందు చెడ్డ కబురు చెప్పకూడదు, ఒప్పుకుంటాను. సెలవు రోజు చూసి చెప్పండి. ఏం జరిగిందో, ఏం చేస్తున్నామో రెండూ కలిపి చెప్పండి. "అమ్మ పడింది, ఆపరేషను అయింది, డాక్టరు నెలలో నడుస్తుందన్నారు, డబ్బు ఇలా సర్దాం" అని చెప్పడం వేరు, "అమ్మ పడిపోయిందండీ" అని ఏడ్చి ఫోను పెట్టేయడం వేరు. ఎప్పుడు చెప్పాలి, ఎలా చెప్పాలి అని ఆలోచించమంటున్నాను. చెప్పాలా వద్దా అనే ఆలోచన వద్దంటున్నాను. ఇంకో మాట. తెలియకపోతే బెంగ ఉండదని ఎవరన్నారు? దసరా తర్వాత నాన్న చెప్పారు, "పడుకుంది, పడుకుంది అంటుంటే మా అమ్మ ఉందో లేదో అని ఎన్నో రాత్రులు నిద్రపోలేదు" అని. అడగడం మానేసింది అందుకట. ఏం వినాల్సి వస్తుందోనని భయం.

మూడోది, "వీడియో కాల్ ఉంది కదా, ముఖం చూసుకుంటున్నాం కదా." చూసుకుంటున్నాం. వీడియో కాల్ వస్తే అమ్మ చీర సర్దుకుని, వెలుతురున్న గోడ దగ్గర నిలబడుతుంది. నాయనమ్మ మంచం ఆ గోడకి ఇవతల ఉంది. ఫోను ఎటు తిప్పితే అదే కనిపిస్తుంది. తిప్పేది మనమే. మన ఊరివాడు వి.వి. గిరిగారు 1913లో లా చదవడానికి ఐర్లండు వెళ్ళారు. ఆ రోజుల్లో ఉత్తరం ఓడ మీద సముద్రాలు దాటి వెళ్ళాలి. మనకి ఇప్పుడు క్షణంలో మాట అందుతుంది. అందే మాటలో ఏముందన్నదే నా ప్రశ్న.

నాయనమ్మ మంచం మీద ఉన్నప్పుడు రోజూ సాయంత్రం నేను ఆమెకి సుందరకాండ కథ చదివి వినిపించాను. అందులో హనుమంతుడు అశోకవనంలో సీతమ్మ దగ్గరికి వచ్చి మొదట రాముడు కుశలమని చెప్తాడు. అక్కడితో ఆగడు. సీతమ్మ అడిగితే నిజం చెప్పేస్తాడు. రాముడికి తిండి మీద ధ్యాస లేదని, నిద్ర లేదని, ఎప్పుడూ ఆమె తలపే అని చెప్తాడు. ఆ మాట తనకి అమృతంలాగానూ ఉంది, విషంలాగానూ ఉంది అంటుంది సీతమ్మ. ఆమె కూడా తిరిగి "బాగున్నానని చెప్పు" అనలేదు. ఇంకో నెల మాత్రమే ప్రాణం నిలుపుకుంటానని ఖచ్చితంగా చెప్పి పంపింది. గుర్తుగా చూడామణి ఇచ్చింది. దానితోపాటు వాళ్ళిద్దరికే తెలిసిన కాకి సంగతి కూడా చెప్పింది. రాముడికి ఇంతటి దుఃఖం కలిగించే కబురు మోసుకెళ్ళిన హనుమంతుడిని మనం చెడ్డవాడంటున్నామా? గుడి కట్టి పూజ చేస్తున్నాం.

"మరి మనం నాన్నకి ఎందుకు చెప్పకూడదు?" అని నాయనమ్మని అప్పుడే అడిగాను. "వాడు హనుమంతుడే. నువ్వు నోరు మూసుకుని చదువు" అంది.

మా తాతయ్య ట్రంకుపెట్టెలో ఉత్తరాల కట్ట ఒకటి ఉంది. అన్నీ విజయనగరం నుంచి ఆయన అక్కగారు రాసినవి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడ్డాక మన ఊరు ఇటు, ఆ ఊరు అటు పడ్డాయి. అయినా రాకపోకలు ఆగలేదు, ఉత్తరాలూ ఆగలేదు. ప్రతి ఉత్తరం "ఉభయకుశలోపరి" అని మొదలవుతుంది. ఆ మాటకి అర్థం ఏమిటని మా తెలుగు టీచరుగారిని అడిగాను. ఉభయుల కుశలం చెప్పుకున్న మీదట, అని చెప్పారు. అంటే అసలు ఉత్తరం ఆ తరువాత మొదలవుతుందన్నమాట. ఆ తరువాత ఆ పెద్దావిడ ఎన్ని రాసిందని! బావిలో నీళ్ళు అడుగంటాయి, గేదె ఈనింది, కోడలు మాట్లాడటం లేదు, మోకాళ్ళు పట్టేశాయి. ఒక ఉత్తరంలో అయితే, పెళ్ళికి వచ్చి ఒక్క పూటే ఉండి వెళ్ళావు, నీ మీద కోపంగా ఉంది అని తమ్ముడిని నేరుగా తిట్టింది. ఆవిడని నేను ఎప్పుడూ చూడలేదు. కానీ ఆ కట్ట చదివాక, సూరత్‌లో మా నాన్న ఏ గదిలో పడుకుంటారో తెలిసినదానికంటే ఆవిడ ఇల్లే నాకు బాగా తెలుసు.

మన ఫోనుల్లో కుశలం ఒక్కటే మిగిలింది. "ఉపరి" పోయింది. అందుకే నేను దసరా తర్వాత నాన్నకి ఉత్తరాలు రాయడం మొదలుపెట్టాను. ఆయనకి ఫోనులో మాట తెలియదు గాని అక్షరం తెలుస్తుంది. ఆయన కూడా తెలుగు మీడియంలోనే చదివారు. పోస్టు కార్డు 50 పైసలు, ఇన్‌ల్యాండు 2 రూపాయల 50 పైసలు. తెలుగు మీడియంలో చదివి ఏం చేస్తావని నన్ను చాలామంది అడిగారు. మా నాన్నకి ఉత్తరం రాస్తాను. ఇంకా ఏవైనా చేస్తానేమో, ముందు ఇది చేస్తాను.

మొదటి ఉత్తరంలో వ్యాసరచన బహుమతి సంగతి, నాకు కోపం వచ్చిన సంగతి రెండూ రాశాను. మూడు వారాలకి జవాబు వచ్చింది. నాన్న అక్షరాలు పెద్దవిగా, ఒకదానికొకటి దూరంగా ఉన్నాయి. చాలా ఏళ్ళుగా రాయలేదట. నా వ్యాసం నకలు పంపమన్నారు. చెవి పరీక్ష చేయించుకున్నానని, కుడి చెవి ఎక్కువ పాడైందని రాశారు. చివర, పక్క మగ్గం మీద పనిచేసే కుర్రాడు గుడ్డపీలికలు చెవుల్లో పెట్టుకోవడం చూసి నవ్వేవాణ్ణి, ఇప్పుడు నేనూ పెట్టుకుంటున్నాను అని రాశారు. ఇన్నేళ్ళలో ఆయన పని గురించి నాకు చెప్పిన మొదటి మాట అదే.

అందుకని తల్లిదండ్రులకి నా విన్నపం. ఇంటి కష్టం దూరాన ఉన్నవాళ్ళకి చెప్పండి, దూరాన ఉంటే ఇంటికి చెప్పండి. పిల్లల చేత అబద్ధం చెప్పించకండి. మాకు అలవాటైపోతుంది. ఇవాళ నాన్నకి చెప్పడం నేర్చుకున్నవాళ్ళం రేపు పై చదువుకి వెళ్ళాక మీకూ అదే చెప్తాం. హాస్టల్లో జ్వరం వచ్చినా, పరీక్ష తప్పినా "బాగున్నానమ్మా" అంటాం.

మిత్రులారా, మన తరగతిలో 34 మందిమి ఉంటే అందులో 11 మంది నాన్నలో అన్నలో బయట ఊళ్ళలో ఉన్నారు. లెక్కపెట్టాను. ఫోను వచ్చినప్పుడు "తిన్నావా" తర్వాత ఇంకొక్క ప్రశ్న అడగండి. ఏం కూర తిన్నావు, ఎవరు వండారు, పక్కన ఎవరు పడుకుంటారు, కిటికీ ఉందా. నేను అడిగాను. కిటికీ లేదట.

ఉపాధ్యాయులకి కూడా ఒక మాట. పరీక్షలో లేఖారచన ఉంటుంది. స్థలం, తేదీ, సంబోధన, విషయం, ముగింపు, చిరునామా, అన్నీ నేర్పారు. కానీ ఆరో తరగతి నుంచి మేం లేని మిత్రుడికి, వెళ్ళని విహారయాత్ర గురించి రాస్తున్నాం. దానికి మార్కులు కూడా తెచ్చుకుంటున్నాం. నెలకి ఒక పీరియడు నిజమైన మనిషికి నిజమైన ఉత్తరం రాయించండి. దిద్దకండి, మార్కులు వేయకండి. పోస్టు డబ్బాలో వేయించండి చాలు.

నిన్న రాత్రి ఏడో ఉత్తరం రాశాను. అమ్మ నా భుజం మీంచి చూసి "దుద్దులు ఇంకా విడిపించలేదని రాయకే" అంది. రాశానని చెప్పాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత పెన్ను అడిగి తీసుకుని, వడ్డీ ఎంత కట్టిందో, ఇంకా ఎంత ఉందో కింద తనే రాసింది. దాని పక్కన ఇంకో రెండు వాక్యాలు రాసి, నన్ను చదవొద్దని ఇన్‌ల్యాండు మడిచి అంటించేసింది.